చిల్లుల గరిటె మీద పటికబెల్లం

అనగనగా ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు, వాళ్ళ తర్వాత ఒక్కగానొక్క కూతురు వకుళ. ఏడు సముద్రాల అవతలుండే ధూమ్రకంఠుడనే మాంత్రికుడు ఆ పిల్లను ఎత్తుకుపోయాడు. పెళ్ళాడ్డానికనుకున్నారా? కాదర్రా, మాచిపత్రి నూరడానికి!

ఆ చేదు పసరు తాగనిదే వాడికి పొద్దు గడవదు. దానికో పెద్ద తంతు. వెండిగిన్నెలో పచ్చటి పసరు పోయాలి. గిన్నె మీద అడ్డంగా నెమళ్ళూ లతలూ చెక్కిన చిల్లుల గరిటె పెట్టాలి. గరిటె మీద పటికబెల్లం ముక్క. దాని మీద కొమ్ముచెంబుతో చన్నీళ్ళు బొట్టు బొట్టుగా వదలాలి. బెల్లం కరిగి చిల్లుల్లోంచి దిగుతుంటే పసరు మెల్లమెల్లగా పాలలా తెల్లబడాలి.

"తంతు సరిగ్గా చేస్తే మీ చెల్లెల్ని తీసుకుపొండి. చెంబు తొణికిందో, రాయైపోతారు!" అని వాడి పందెం.

పెద్దవాడు వెళ్ళాడు. కంగారులో నీళ్ళు గుమ్మరించాడు. రాయయ్యాడు. నడిపివాడు వెళ్ళాడు. మాంత్రికుడు పక్కనే ఉరిమేసరికి చెయ్యి వణికింది. వాడూ రాయే.

మూడోవాడు జయకేతు బయల్దేరాడు. "ఉన్న ఒక్కడివీ పోతావా నాయనా!" అని తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"చెల్లి అక్కడ ఏడుస్తుంటే నాకిక్కడ ముద్ద దిగుతుందా అమ్మా?" అన్నాడు.

ఏడు సముద్రాలూ దాటాడు. ఎలా దాటాడని అడక్కండి, దాటాడంతే! మాంత్రికుడి గుమ్మం ముందు నీళ్ళలో కొట్టుకుంటున్న చీమను వేలితో తీసి ఒడ్డున పెట్టాడు.

"రాకుమారా, పందెం గెలిచినా వాడు మాట మీద నిలబడడు," అంది చీమ. "వాడి ప్రాణం భుజం మీది చిలకలో ఉంది. అది భుజం దిగదు. కానీ పటికబెల్లమంటే దానికి చచ్చేంత ఆశ. ముక్కను ఎంతసేపు కరక్కుండా నిలుపుతావో నీ ఇష్టం."

జయకేతు గిన్నె ముందు కూర్చున్నాడు. ఎదురుగా రాళ్ళయిన అన్నలు. మూల కల్వం ముందు వకుళ నూరడం ఆపి చూస్తోంది.

ఒక బొట్టు. మాంత్రికుడు ఉరిమాడు. చెయ్యి కదల్లేదు. ఇంకో బొట్టు. మెడ మీదికి పామును వదిలాడు. ఒళ్ళు జలదరించింది గానీ చెంబు తొణకలేదు. ఇంకో బొట్టు. "కానీరా తొందరగా!" అని గద్దించాడు.

"తమరి తంతే కదండీ, నిదానంగానే చెయ్యాలి."

ముక్క సగమైంది. పావైంది. గిన్నెలో తెలుపు కమ్ముకొస్తోంది. ఇంకో నాలుగు బొట్లు పడితే బెల్లమే ఉండదు. చిలక ఇంకా భుజం మీదే ఉంది. అయ్యో, వకుళ గతేం కాను! జయకేతు మాత్రం బొట్టుకీ బొట్టుకీ మధ్య ఎడం ఇంకా పెంచాడు.

చిలక మెడ చాచింది. "ఒక్క బెల్లం పలుకు," అంది.

"వద్దు!" అన్నాడు మాంత్రికుడు.

అది వింటేనా? రివ్వున వచ్చి గరిటె మీద వాలింది. జయకేతు చెంబు వదిలేసి దాని మెడ పట్టాడు. మాంత్రికుడి గొంతు బిగుసుకుపోయింది. "నీ కాళ్ళు పట్టుకుంటా, వదులు బాబూ!"

"ముందు మా అన్నల్ని లేపు."

వాడు గొణుక్కుంటూ మంత్రం చదివాడు. అన్నలిద్దరూ లేచారు. తీరా అప్పుడు, చేతిలో వెచ్చగా కొట్టుకుంటున్న పిట్టను చూసి జయకేతుకు జాలేసింది. వేళ్ళు సడలాయి.

"ఇలా ఇవ్వు చిన్నన్నయ్యా," అంది వకుళ. పసరుకు ఆమె వేళ్ళు నల్లబడి పగిలిపోయి ఉన్నాయి. "మూడేళ్ళు నేను ఏడుస్తుంటే, 'నూరు, ఇంకా నూరు' అని అరిచింది ఇదే." అని మెడ విరిచేసింది. మాంత్రికుడు కూర్చున్నచోటే కూలిపోయాడు.

నలుగురు బిడ్డలూ గుమ్మంలో నిలబడేసరికి తల్లి ఒక్కొక్కరి మొహం తడిమి తడిమి చూసుకుంది. వకుళ తనకు నచ్చిన రాకుమారుణ్ణి పెళ్ళాడింది. జయకేతు చాలా ఏళ్ళు చల్లగా రాజ్యమేలాడు. వాళ్ళు వాళ్ళ కోటలోకి, మనం మన పీటల మీదికి. లేవండర్రా, అన్నం చల్లారిపోతోంది.