ఎర్రమిట్ట గంగాళం

మా గురువుగారు సిద్దప్పయ్య ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు చెప్పుల కోసం తడుముకుంటారు. అవి కాలికి దొరికాక "పద" అంటారు. ఇంక అడిగినవాడు వెంట నడవాల్సిందే, నెత్తిన నిప్పులు కురుస్తున్నా సరే. ఆయన పాక అటు ఎర్రమిట్ట ఊరికీ ఇటు విశ్వవిద్యాలయం ప్రహరీగోడకీ నడుమ ఉంది. తత్వాలు నేర్చుకోవడానికి ఆ పక్కవాళ్ళూ వస్తారు, ఈ పక్కవాళ్ళూ వస్తారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే చాప మీద కూర్చుని పాడిపోతారు. ఆ చాప మీద కూర్చున్నప్పుడల్లా నాకు లోకమంతా ఒకే పాటలా అనిపించేది. పాట అయిపోగానే ఎవరి దారిన వాళ్ళు లేచిపోతుంటే మనసు చివుక్కుమనేది.

ఆ వేసవిలో ఒకనాడు పొద్దున్నే సుధీంద్ర వచ్చాడు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాడు, అక్కడి జానపద మ్యూజియం కూడా అతని చేతి కిందే ఉంది. ఊరితో సంబంధాలు చూసే పని కొత్తగా అప్పగించారట. మనిషి మంచివాడే. ఆ పూట మాత్రం మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"గురువుగారూ, ఊరికీ మాకూ పొత్తు కుదరాలంటే ఏం చెయ్యాలి? పొరుగువాళ్ళ సభ అని పెట్టాం. షామియానా వేశాం, ఆటోకి మైకు కట్టి వీధివీధీ తిప్పాం. ఒక్క పురుగు రాలేదు. మా ఉపన్యాసాలు మేమే విని, మా సమోసాలు మేమే తిన్నాం." గొంతు తగ్గించాడు. "వాళ్ళకి చదువు విలువ తెలియదేమోనని..."

ఆ మాట పూర్తికాకముందే గురువుగారి కాలు మంచం కింద చెప్పుల్ని వెతుకుతోంది.

ఆరోజు సుంకులమ్మ జాతరకు ముందు వచ్చే అంబలి రోజు. ఎర్రమిట్టవాళ్ళు రోడ్డు పక్కన పందిరి వేసి, దారిన పోయే వాళ్ళందరికీ రాగి అంబలి పోస్తారు. లారీ డ్రైవరైనా గొర్రెల కాపరైనా ఆగి తాగి పోవాలి. మేం వెళ్ళేసరికి పందిట్లో కుండలూ బక్కెట్లూ స్టీలు బిందెలూ వరసగా పెట్టి ఉన్నాయి. ఇంటికొకటి. ఒక్కోదాని వెనక ఆ ఇంటి ఇల్లాలు కూర్చుంది. సుధీంద్ర ముచ్చటపడి ఫోను తీసి ఫొటోలు మొదలుపెట్టాడు. అప్పుడే మూట నెత్తిన పెట్టుకున్న ఒకాయన వచ్చి ఆగాడు. "ఈ బక్కెట ఎవురిది?" అని అడిగాడు. చెప్పారు. పక్కకు జరిగి, "మరి ఇది?" అన్నాడు. అదీ చెప్పారు. మూడో బిందె దగ్గర వంగి తాగి మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు. వరస చివర వెలివాడ మారెమ్మ కుండ అంచుల దాకా నిండుగానే ఉంది. ఆమె వేపరెమ్మతో ఈగలు తోలుకుంటూ రోడ్డువైపు చూస్తోంది.

"ఓబుళమ్మా, గంగాళం ఏది?" అన్నారు గురువుగారు.

ఓబుళమ్మ ఆ వీధికి పెద్దదిక్కు. నడుం వంగింది గానీ నోరు వంగలేదు. "యాడుందో నీకు తెలీదా సామీ? పెద్దగోడ లోపలుంది."

అప్పుడు చెప్పింది. గంగాళం ఉన్నన్నాళ్ళూ కుండ ఎవరిదని అడిగే పని లేదు. ఇంటింటి నుంచీ దోసెడు పిండి వచ్చి అందులో పడేది, మారెమ్మ పిండీ పడేది, ఓబుళమ్మ పిండీ పడేది. ఉడికాక ఎవరి పిండి ఏదో ఆ సుంకులమ్మకు కూడా తెలిసేది కాదు. విశ్వవిద్యాలయం పెట్టిన ఏడాది అక్కడ ఇంకా గదుల్లేవు, కుళాయిల్లేవు. పిల్లలు డేరాల్లో చదువుకుంటూ ఎండకు సొమ్మసిల్లిపోతుంటే, ఊరు చూడలేక అంబలి కాచి గంగాళంతో సహా మోసుకెళ్ళి పెట్టి వచ్చింది. అంతే. మళ్ళీ అది తిరిగి రాలేదు.

"మరి అడగలేదా అమ్మా, ఇన్నేళ్ళూ?" అన్నాడు సుధీంద్ర. ఫోను జేబులో పెట్టేశాడు.

"అడుగుతారా నాయనా ఎవురైనా? నిండుగా పంపిన గిన్నె దానంతటదే వస్తాది. వచ్చేటప్పుడు వట్టిగా రాదు. గుప్పెడు బియ్యమో, ఇంత బెల్లంముక్కో, అదీ లేకుంటే రెండు పచ్చిమిరపకాయలో ఏసి పంపుతారు. పోయి అడిగితే వాళ్ళింట్లో ఏమీ లేదని ఎత్తిపొడిచినట్టు కాదా? పాపం, ఏమీ లేదేమోలే అనుకున్యాం." ఆమె గోడవైపు చూసింది. గోడ వెనక తెల్లటి మేడలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు నిలబడి ఉన్నాయి.

సుధీంద్ర చెవులు ఎర్రబడ్డాయి. ఆ గంగాళం అతనికి బాగా తెలుసు. మ్యూజియానికి ఏ అతిథి వచ్చినా మొదట దాని దగ్గరికే తీసుకెళ్ళి చూపిస్తాడు. "రండమ్మా, ఇప్పుడే ఇప్పిస్తాను" అని లేచాడు.

గేటు దగ్గర వన్నూరప్ప అడ్డం పడ్డాడు. ఎర్రమిట్టవాడే, యూనిఫాంలో ఉన్నాడు. "అత్తా, కార్డు లేకుండా పంపితే నా ఉద్యోగం పోతాది."

"నీ ముక్కు తుడిచిన చెయ్యిరా ఇది! దీనికి కార్డు కావాల్నా?" అని ఓబుళమ్మ అరచెయ్యి అతని మొహానికి ఎదురుగా పెట్టింది. వన్నూరప్ప సిగ్గుతో టోపీ సర్దుకున్నాడు. సుధీంద్ర తన కార్డు చూపించి ఆమెనూ, వెనకే మమ్మల్నీ లోపలికి తీసుకెళ్ళాడు. ఒకప్పుడు తన ఊరి మేత బీడుగా ఉన్న నేల మీదికి ఆమె ఒకరి పూచీ మీద అడుగుపెట్టడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

గంగాళం గాజుపెట్టెలో ఉంది. పైనుంచి పసుపుపచ్చని దీపం. మసంతా తోమేసి తళతళలాడించారు. పెళ్ళికూతుర్ని చేసి గదిలో కూర్చోబెట్టి బయట తాళం వేసినట్టుంది. ఎన్ని వేసవుల పొగ ఆ అడుగున పట్టి ఉండేదో, ఎన్ని ఇళ్ళ చేతులు ఆ కడియాలు పట్టుకుని ఉంటాయో! ఓబుళమ్మ గాజు మీద చెయ్యి వేసింది. వెంటనే అక్కడి అధికారిణి పరుగున వచ్చింది. "ముట్టుకోకూడదమ్మా!"

సుధీంద్ర సంగతి చెప్పాడు. ఆమె నవ్వుతూనే అంది. "అది దానంగా వచ్చింది కదా సార్. ఇప్పుడు విశ్వవిద్యాలయం ఆస్తి. కమిటీ కూర్చోవాలి. కావాలంటే అచ్చం ఇలాంటిదే ఫైబర్‌తో చేయించి ఊరికి బహూకరిద్దాం. తేలిగ్గా కూడా ఉంటుంది."

"దానం కాదు తల్లీ, అంబలి" అంది ఓబుళమ్మ. "అంబలి తాగినారు, సంతోషం. గంగాళం గూడా మింగుతారా?"

ఆ గదిలో అంత పెద్ద మాట ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. ఊరి సంస్కృతి అని గోడల నిండా రాసుకున్నారు, ఆ ఊరి మనిషి వస్తే చెయ్యి తియ్యమన్నారు! ఊరి అన్నాన్ని దీపం కింద పెట్టి, ఊరినేమో ఎండలో నిలబెట్టారు! నేను ఏదో అనబోయాను. గురువుగారు నా భుజం నొక్కారు.

సుధీంద్ర జేబులోంచి తాళంచెవి తీశాడు. అధికారిణి "సార్, మీ మీదకే వస్తుంది" అంది. "రానీండి" అన్నాడు. గాజుతలుపు తెరిచి ఒక కడియం తాను పట్టుకున్నాడు, రెండోది నేను పట్టుకున్నాను. నా జన్మలో అంత బరువు మోసి అంత ఆనందపడింది లేదు. గేటు దాటి రోడ్డు వారన ఓబుళమ్మ ముందు దించాం. సుధీంద్ర చొక్కా తడిసి ముద్దయింది, మొహం వెలిగిపోతోంది. పెద్ద అన్యాయాన్ని చేతులతో ఎత్తి బయట పెట్టినవాడిలా నిలబడ్డాడు.

"తీసుకోండమ్మా, మీ గంగాళం."

ఓబుళమ్మ వంగి లోపలికి చూసింది. తల ఎత్తి అతన్ని చూసింది. చెయ్యి మాత్రం చాచలేదు.

వన్నూరప్పకు అర్థమైంది. గబగబా వెళ్ళి తన క్యారియర్ తెచ్చి అందులోని సంగటి ముద్ద తీయబోయాడు. "నువ్వు మావోనివిరా," అంది ఓబుళమ్మ, "నీది లెక్కలోకి రాదు."

సుధీంద్ర జేబులు తడుముకున్నాడు. ఫోను, పెన్ను, మెడలో కార్డు, చేతిలో తాళంచెవి. ఒక్కొక్కటే చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి అంత పెద్ద మేడలవైపు, వేలకొద్దీ కిటికీలవైపు చూశాడు. అవతల పందిట్లో మారెమ్మ ఇంకా నిండు కుండ దగ్గరే కూర్చుని ఉంది.

"నిదానంగా ఆలోచించుకో నాయనా," అంటూ ఓబుళమ్మ గంగాళం పక్కనే నేల మీద కూలబడింది. "మాకు ఎండ కొత్తేం కాదు."

సుధీంద్ర గురువుగారి దగ్గరికి వచ్చాడు. వెలుగంతా పోయిన మొహంతో, దాదాపు గుసగుసగా అడిగాడు. "గురువుగారూ, ఇందులో ఏం పెట్టి ఇవ్వాలి?"

గురువుగారు ఈసారి చెప్పులు విడిచి, కాలే నేల మీద ఓబుళమ్మకు ఇవతల కూర్చున్నారు.

"పొద్దున్నే ఈ మాట అడిగింటే ఇంత దూరం నడిచే పని లేకపోయె."