నాలుగో మాట

అనగనగా ఒక ఊళ్ళో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పక్క సందులో, దూదేకే ముసలాయన ఒకడు ఉండేవాడంట.

ఊఁ కొడతా ఉండావా షాకిరమ్మా? ఫోను దిండు పక్కన పెట్టుకో తల్లీ, చెవికి ఆనించబాక, కాలిపోద్ది. తాత ఎట్టా పోయాడు అమ్మమ్మా అని నిన్న అడిగావు గదా. మీ అమ్మని అడిగితే ఏడుస్తా లోపలికి పోయిందన్నావు. నేను చెప్తాలే. అయితే మీ తాత, నేను అంటా చెప్తే నా గొంతు ఆడనే ఆగిపోద్ది. అందుకని ముసలాయన, ముసలామె అని చెప్తా. వాళ్ళెవురో నీకు తెలుసు, నాకు తెలుసు. సరేనా?

ఆ ముసలాయన పరుపులు కుట్టేవాడు. ఊళ్ళో ఏ పిల్లకి పెళ్ళయినా పరుపు ఈయన చేతిదే. ఈయన మాత్రం నులక మంచం మీద పాత బొంత పరుచుకుని పడుకునేవాడు. సాయంత్రానికి కనుబొమ్మలు, చెవుల మీద వెంట్రుకలు, అంతా దూదే.

ఆయనకి ఒకటే ఆశ. చచ్చేలోపల హజ్జుకి పోవాల. హాజీ అనిపించుకోవాల.

మసీదు కాడ కొంతమంది ఎగతాళి చేసేవాళ్ళు. "నీకు దూది ఏకటం తెలుసు మామా, దువా చెయ్యటం ఏం తెలుసు? మక్కాకి పోయి పరుపు కుట్టొస్తావా?" అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. "అడిగితే కుడతా. ఆడ పడుకునేవాళ్ళు లేరా ఏంది?" అనేవాడు.

అప్పుడు ఒక ఏడు వాళ్ళిద్దరి పేర్లూ హజ్జు లాటరీలో వచ్చినై. ముసలాయన ఆ కాయితం పట్టుకుని సందులో ప్రతి గడపకీ పోయి చూపించాడు. చదవటం రాదు గదా, ఒక ఇంటో తలకిందులుగా పట్టుకుని చూపించాడంట.

ఆ తర్వాత మూడు ఆదివారాలు టవున్లో క్లాసు. హజ్జు ఎట్టా చెయ్యాలో, ఏది చెయ్యొచ్చో, ఏది చెయ్యకూడదో చెప్తారు. అట్టపెట్టెలు పేర్చి, నల్లగుడ్డ కప్పి, ఇదే కాబా అనుకోండి అని చుట్టూ తిప్పారు.

చదువుకున్నోళ్ళు రాసుకుంటా ఉన్నారు. మనవాళ్ళకి రాత రాదు. అందుకని ముసలాయన నోరారా అడిగేవాడు.

"అయ్యా, ఇహ్రాం అంటే కుట్టులేని రెండు గుడ్డలు కట్టుకోవాలంటిరి. అది జారిపోతే ఎట్టా?"

"నడుముకి బెల్టు పెట్టుకోవచ్చు."

"హజ్జు అయినాక గుండు కొట్టించుకోవాలంటిరి. నాకు జుట్టే లేదు గదా?"

"లేకపోయినా కత్తి ఒకసారి తల మీద ఆడించుకోవాల."

అందరూ నవ్వారు. "ఆ మంగలోడి పని హాయి," అన్నాడు ముసలాయన. ముసలామె సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది.

మూడో ఆదివారం ఒక సంగతి చెప్పారు. ఎప్పుడో పూర్వం, ప్రవక్త గారి కాలంలో, హజ్జులో ఉన్న మనిషి ఒకడు ఒంటె మీది నుంచి పడి చనిపోయాడంట. అప్పుడు ప్రవక్త గారు, ఆ మనిషిని ఆ ఇహ్రాం గుడ్డల్లోనే పూడ్చండి, తల కప్పబాకండి, అత్తరు పుయ్యబాకండి, లేపే రోజున వాడు లబ్బైక్ అంటానే లేస్తాడు అన్నారంట. లబ్బైక్ అంటే, వచ్చాను దేవుడా అని.

బస్సులో వచ్చేటప్పుడు ముసలాయన అన్నాడు, "ఏమే, చస్తే అట్టా చావాల."

"నోరు ముయ్యి. పోయే ముందర అయ్యేం మాటలు?" అన్నది ముసలామె.

ఆ తర్వాత ఆయన ఇంటికాడ కూడా నేర్చుకోవటం మొదలుపెట్టాడు. వాకిట్లో దూది కుక్కిన గోనె బోరెం ఒకటి నిలబెట్టాడు. పొద్దున్నే ఇహ్రాం గుడ్డలు కట్టుకుని, దాని చుట్టూ ఏడు చుట్లు తిరిగేవాడు.

మొదటి రోజు గుడ్డ జారింది. ముసలామె పడీ పడీ నవ్వింది.

రెండో రోజు లెక్క తప్పి ఎనిమిది తిరిగాడు. "ఒకటి నీ ఖాతాలో వేసుకో," అన్నాడు.

మూడో రోజు బాగా తిరిగాడు. లబ్బైక్ లబ్బైక్ అని సన్నగా అనుకుంటా తిరిగాడు. ఐదో చుట్టులో బోరేనికి ఆనుకుని కూచున్నాడు. ముసలామె పొయ్యి కాడ్నుంచి, "ఏం, అప్పుడే అలిసిపోయావా?" అన్నది. పలకలా.

టీ గ్లాసు తీసుకుని వచ్చి చూసింది. పోయాడమ్మా.

ఊఁ... ఉండు తల్లీ. మంచినీళ్ళు తాగొస్తా.

ఆఁ. చెప్తా ఉండా. ఆ రోజు మసీదు హజరత్ ఊళ్ళో లేడు. హజరత్ అంటే నమాజు చేయించే పెద్ద. వాళ్ళ ఊరికి పోయున్నాడు. స్నానం చేయించటానికి సందులో ముసలోళ్ళు వచ్చారు. శవానికి చుట్టే కఫన్ గుడ్డ తెచ్చారు, అత్తరు తెచ్చారు, కర్పూరం తెచ్చారు.

అప్పుడు ముసలామె దుప్పటి తెర వెనకాల నుంచి కేక పెట్టింది. "ఆ గుడ్డలు తియ్యబాకండి! తల కప్పబాకండి! అత్తరు పుయ్యబాకండి! ఆయన ఇహ్రాంలో పోయాడు. ఆయన హాజీ!"

పీరయ్య అనే పెద్దాయన, "క్లాసుకి పోయొచ్చిన మనిషి. మనకేం తెలుసు, ఆమెకే తెలుస్తది," అన్నాడు. ఆమె చెప్పినట్టే చేశారు. బోడితల అట్టా ఎండలో ఉండగానే తీసుకుపోయారు. అత్తరు లేకండా పూడ్చారు.

ముసలామె ఏడ్చింది గానీ, లోపల ఒక ధైర్యం. ఆయన అనుకున్నట్టే పోయాడు, లబ్బైక్ అంటానే లేస్తాడు అని.

మూడో రోజుకి హజరత్ వచ్చాడు. ముసలామె ఇద్దత్‌లో కూచుంది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, దాన్ని ఇద్దత్ అంటారు. అందుకని ఆయన వాకిట్లో కూచున్నాడు, ఆమె తలుపు చాటున కూచుంది. మూడు మాటలు అడిగింది.

మొదటి మాట. "హజరత్, మా ఆయన ఇహ్రాంలో పోయాడు. తల కప్పనియ్యలా నేను. సరిగ్గానే చేశాను గదా?"

హజరత్ మెల్లిగా చెప్పాడు. "అమ్మా, గుడ్డలు కట్టుకుంటే ఇహ్రాం కాదు. హజ్జు చేస్తా ఉన్నానని మనసులో నీయత్, అంటే సంకల్పం, చేసుకుని లబ్బైక్ అంటేనే ఇహ్రాం. ఆయన ఇంట్లో నేర్చుకుంటా ఉన్నాడు. అందరికి మల్లేనే తల కప్పాల్సింది, అత్తరు పుయ్యాల్సింది."

"ఆయన మనసులో ఏముందో మీకెట్టా తెలుసు హజరత్?"

"నాకు తెలవదమ్మా. అది అల్లాకే ఎరిక. నేను చెప్పేది పుస్తకంలో ఉండే మాట."

"అయితే తవ్వి తియ్యండి. తల కప్పండి."

"దానికోసం సమాధి తవ్వకూడదమ్మా. తెలవక చేశారు. తల కప్పలేదని అల్లా ఆయన్ని ఏమీ అడగడు. నువ్వు దువా చెయ్యి."

ముసలామె తలుపుకి తల కొట్టుకుంది. నలభయ్యేళ్ళు ఊరందరికీ మెత్తగా పక్క కుట్టినోడు, ఆయన్ని నేను బోడితలతో మట్టిలోకి పంపించానే అని.

అప్పుడు రెండో మాట అడిగింది. "ఇంకో నెలలో విమానం. మా తమ్ముడు ఖాసిం తోడు వస్తానంటా ఉన్నాడు. ఆయన బదులు నేను పోయి ఆయన హజ్జు చేస్తా."

ఖాసిం కూడా పక్కనే ఉన్నాడు. "పోనియ్యండి హజరత్. ఇద్దత్ సంగతి ఆడ ఎవురు చూస్తారు?" అన్నాడు.

"చూసేవాడి కోసమే గదరా పోయేది," అన్నాడు హజరత్. ఖాసిం తల దించుకున్నాడు. "ఇద్దత్‌లో హజ్జుకి పోకూడదమ్మా. ఈ ఏడు కాదు. బతికుంటే వచ్చే ఏడు."

ఇంక మూడో మాట అడిగింది. "సరే. వచ్చే ఏడే పోతా. నా మోకాళ్ళు ఒక్కసారికే పనికొస్తయి. ఆ ఒక్కటీ ఆయన పేరు మీద చేస్తా. ఆయన హాజీ అయితే చాలు, నాకొద్దు."

హజరత్ కళ్ళు తుడుచుకున్నాడంట. అయినా ఉన్నమాటే చెప్పాడు. "చనిపోయినోళ్ళ పేరు మీద హజ్జు చెయ్యొచ్చు. అయితే చేసేవాళ్ళు ముందు వాళ్ళది చేసి ఉండాల. ఒక్క హజ్జు ఇద్దరికి రాదు. మొదట నీదమ్మా. ఆ తర్వాతే ఆయనది."

ముసలామె తమ్ముడి వంక చూసింది. ఖాసిం కూడా ఎప్పుడూ పోలా. వాళ్ళ వంశంలో హజ్జు చేసినోళ్ళు ఒక్కరూ లేరు. చేసొచ్చినోళ్ళని ఎవురినన్నా డబ్బిచ్చి పంపించే తాహతు కూడా లేదు.

ఆ తర్వాత విమానం రోజు వచ్చింది. హజ్జుకి పోయేవాళ్ళ బస్సు సందు చివర ఆగింది. జనం పూలదండలు వేశారు, లబ్బైక్ అన్నారు. ముసలామె తలుపు గడియ వేసుకుని వింది. ఆ బస్సులో రెండు సీట్లల్లో వేరే ఎవురో కూచుని ఉంటారు గదా అనుకుంది.

దినాలు గడిచినై. ఇద్దత్ అయిపోయింది. ఏడాది తిరిగింది. ముసలామెకి మళ్ళీ పిలుపొచ్చింది. మగతోడు లేకండా ఆడది పోకూడదని, ముసలాయనకి కట్టిన డబ్బుతో ఖాసిం కూడా బయల్దేరాడు. ఎవురి హజ్జు వాళ్ళదే.

విమానం ఎక్కారు. కొంచేపటికి మైకులో చెప్పారు, మక్కా హద్దు దగ్గర పడతా ఉంది, ఇహ్రాం నీయత్ చేసుకోండి అని.

"చెప్పక్కా," అన్నాడు ఖాసిం. "యా అల్లా, నా హజ్జు చేస్తా ఉండా, సులువు చెయ్యి, ఒప్పుకో. అంతే." ఆ మాట అని, కళ్ళు మూసుకుని తనది తను చెప్పుకోటంలో పడ్డాడు.

ముసలామె చేతులెత్తింది. నోరు తెరిచింది.

"యా అల్లా, దూదేకుల మౌలాలి హజ్జు చేస్తా ఉండా. సులువు చెయ్యి, ఒప్పుకో."

అంతే తల్లీ. వచ్చేసింది. పెళ్ళయిన కాడ్నుంచి ఒక్కనాడు కూడా మొగుడి పేరు నోటితో అనలేదు ఆమె. రేషన్ షాపులో అడిగినా పక్కనోళ్ళ చేత చెప్పించేది. మొదటిసారి అన్నది. అదీ ఆకాశంలో.

సరిదిద్దుకుందాం అనుకుంది. ఇంతలో విమానం అంతా ఒక్కసారి లబ్బైక్ అన్నది. ఆమె నోరు కూడా లబ్బైక్ అన్నది. ఇంక ఇహ్రాంలోకి పోయినట్టే గదా, మార్చుకునేదానికి లేదు.

నోరు జారిందో, మనసే అన్నదో, ఆమెకీ తెలవదు.

ఆ తర్వాత అందరితో పాటు అన్నీ చేసింది. కాబా చుట్టూ తిరిగింది. అరఫాత్ మైదానం ఎండలో చేతులెత్తి నిలబడింది. సైతానుకి రాళ్ళేసింది. ఖాసిం మధ్యలో, "ఏందక్కా, ఎప్పుడు చూసినా భయంగా ఉంటావు?" అన్నాడు. "జనం గదరా," అన్నది.

ఇంటికొచ్చారు. సందంతా వచ్చింది. ఖర్జూరాలు పంచారు. చివర్లో హజరత్ వచ్చాడు. అదే వాకిట్లో కూచున్నాడు.

"హజ్జు కబూల్ కావాల అమ్మా. అంతా సక్రమంగా జరిగిందా? నీయత్ సరిగ్గా చేసుకున్నావా?"

"చేసుకున్నా హజరత్."

"ఏమన్నా అనుమానం ఉంటే అడుగు. పోయొచ్చినోళ్ళకి ఏదో ఒకటి ఉంటది."

నాలుగో మాట ముసలామె నాలిక చివర దాకా వచ్చింది. అడిగితే చెప్తాడు, పుస్తకంలో ఉండే మాట. ఆ హజ్జు ఆయనదే అని చెప్తే, ఆమెది ఇంకా బాకీ ఉండిపోద్ది. ఉంటే ఉండనీ. కాదమ్మా, అది నీదే అయ్యింది, ఆయనకి రాదు అని చెప్తేనో? ఆ మనిషిని రెండోసారి పోగొట్టుకోవాల.

"ఏం లేదు హజరత్. ఖర్జూరం తీసుకోండి," అన్నది.

ఇప్పుడు ఊళ్ళో ఆమెని హజ్జమ్మ అంటారు. ఆమె పలుకుద్ది. పలికేటప్పుడల్లా, పిలిచింది తననో, ఆయననో అని ఒకసారి ఆగుద్ది. అంతే.

ఏందమ్మా? ఎవురిది ఆ హజ్జు అంటావా?

నువ్వు కూడా అడగబాక తల్లీ. మీ అమ్మకి చెప్పబాక, అది పోయి హజరత్‌ని అడిగొస్తది. దుప్పటి కప్పుకో. తల మీద దాకా కప్పుకో.

కథేమో పోయింది మక్కాకి,
మనమేమో పోదాం పక్కకి.