కొర్రలదిన్నె ఊపిరమ్మ తల్లి పాతర

కొర్రలదిన్నె ఊరు దాటి పడమరగా ఎర్ర గరుసు నేలలో అరగంట నడిస్తే ఊపిరమ్మ తల్లి సన్నిధి వస్తుంది. దూరం నుంచి చూసేవారికి అక్కడ గుడి ఉన్నట్టే తోచదు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. మనిషి ఎత్తు రాతి గోడ, ఆ గోడ నడుమ నేలకు సమంగా ఒక గుండ్రటి బండ, బండ మీద పసుపు, అంతే. ఆ బండ కింద ఉన్నది జొన్నల పాతర, అంటే గింజలు దాచే నేలగొయ్యి. అమ్మవారికి వేరే విగ్రహం లేదు. లోపలి చీకటే ఆమె రూపమని పెద్దలు చెబుతారు. మిట్టమధ్యాహ్నం అక్కడ నిలబడితే ఎండ మండుతున్నా అరికాళ్ల కింద ఏదో చల్లగా కదిలినట్టు ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడతారు. భయపడవలసిన చోటే ఇది. అందుకే అమ్మ ఇక్కడ వెలసింది.

పూర్వం ఇక్కడ నలభై గడపల పల్లె ఉండేది. ఆ కాలంలో దండు గుర్రాలవాళ్లు ఊళ్లమీద పడి గింజన్నది మిగల్చకుండా ఊడ్చుకుపోయేవారు. ఇళ్లలో గాదెలు కనబడితే తగలబెట్టేవారు. కనుక జొన్నలు బాగా పండిన ఒక ఏడు ఊరి పెద్ద గిడ్డయ్య అందరినీ పిలిచి, "కడుపు నిండినప్పుడే కరువును తలుచుకోవల్ల. రేపు ఏడ్చే ఏడుపు ఈ పొద్దే నేలలో దాచిపెడదాం" అన్నాడు.

వడ్డె తిమ్మప్ప అనే ఆయన పాతరలు తవ్వడంలో చెయ్యి తిరిగినవాడు. మూడు నిలువుల లోతున, పైన మనిషి పట్టేంత మూతి, కింద కుండలాగా పెద్ద కడుపు వచ్చేటట్టు తవ్వాడు. ఆడవాళ్లు గోడలను పేడతో, బంకమట్టితో అలికారు. అడుగున జొన్నచొప్ప, వేపాకు పరిచారు. ఇంటింటి నుంచీ తెచ్చి పన్నెండు బండ్ల జొన్నలు పోశారు. అయినా పాతర నిండలేదు. పైన ఒక నిలువుకు మించి ఖాళీ ఉండిపోయింది. చివరి దోసిలి పోసి, బండ మూసి, మన్ను కప్పినవాడు సుంకన్న. ఆ తరువాత దానిమీద నాగలి తోలి ఆముదాలు చల్లారు. కరువు రెండో ఏడు వచ్చేదాకా బండ కదపగూడదని ఊరంతా ప్రమాణం చేసింది.

కరువు రానే వచ్చింది. మొదటి ఏడు పశువులు పోయాయి, పాతరల గుట్టు తెలిసిన తిమ్మప్ప కూడా పోయాడు. రెండో ఏడు చింతగింజలు, కలబంద దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. పిల్లలు ఏడవడం మానేశారు. ఏడ్చే పిల్లలున్న ఊరికంటే ఏడవని పిల్లలున్న ఊరే ఎక్కువ భయమని అప్పటివాళ్లకు తెలిసివచ్చింది.

సుంకన్న భార్య ఉలిగమ్మ. ఒకనాటి మధ్యాహ్నం ఆమె బిడ్డకు రాని పాలు పడుతూ గోడకు ఆనుకుని కునుకు తీసింది. కలలో ఒక నల్లటి స్త్రీ మోకాళ్లు ముడుచుకుని కనబడింది. ఆమె భుజాలమీద మన్ను, కొప్పులో జొన్నచొప్ప. చెంపలు ఉబ్బి ఉన్నాయి, నోరు గట్టిగా మూసుకుని ఉంది. అయినా మాట వినిపించింది. "నన్ను కప్పిపెట్టి మూడేండ్లాయ. ఊపిరి బిగబట్టుకోని మీ గింజలు కాస్తాండా. మూత తీస్తానే నా మొగం మీద మొగం పెట్టొద్దండి. ముందు నన్ను ఊపిరి విడవనీండి. వేపమండలు ఆడించండి. దీపం నిలబడినాక రాండి."

ఉలిగమ్మ ఉలిక్కిపడి లేచి ఈ మాట అందరికీ చెప్పింది. ఆమె మరిది మద్దిలేటి ఆ ఆకలిలో కూడా నవ్వాడు.

"నీ కలలోకి దేవత వచ్చెనా వదినా? నా కలలోకి కొర్రబువ్వ వచ్చింది. నీదానికంటే నాదే మేలు, పక్కన ఊరిబిండి పచ్చడి గూడా ఉండె."

అందరూ నవ్వారు. ఉలిగమ్మ మాట ఆ నవ్వులో కలిసిపోయింది.

మరునాడు పాతర తీయడానికి ఊరంతా అది ఉన్న దిన్నెమీదికి చేరింది. మన్ను తోడారు, బండ పక్కకు దొర్లించారు. సరిగ్గా అప్పుడే ఉత్తరాన ఆకాశం అంచున ఎర్రటి దుమ్ము లేచింది.

"గుర్రాలు!" అన్నారు ఎవరో.

దండు వచ్చేలోపల గింజలు తీసి, బండ మూసి, చెదిరిపోవాలి. లేకుంటే మూడేళ్లుగా దాచుకున్న ప్రాణం కళ్లముందే గుర్రాల పాలవుతుంది. అయినా ధాన్యలక్ష్మికి దీపం చూపకుండా గింజ ముట్టరాదని ఆచారం. గిడ్డయ్య ఒక ప్రమిదను ఉట్టిలో పెట్టి తాడుతో దింపాడు. మూతి దాటి జానెడు పోయిందో లేదో దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆరిపోయింది. ఆకు కదలడం లేదు, గాలి లేదు. ఎవరో లోపల కూర్చుని వేళ్లతో వత్తి నలిపేసినట్టు ఉంది.

పొరపాటు అక్కడే జరిగింది. అమ్మ ఊపిరిని వాళ్లు అమ్మ కోపం అనుకున్నారు.

"తల్లి మొగం తిప్పుకునింది. మూత మూసినోడు దిగి తప్పు ఒప్పుకోవల్ల" అన్నాడు గిడ్డయ్య. మూసినవాడు సుంకన్న.

ఉలిగమ్మ భర్త చెయ్యి పట్టుకుంది. "మామా, అది కోపం గాదు, ఊపిరి. రోంతసేపు తాళు."

"దుమ్ము సూడు, యాడికొచ్చిందో. తాళేకి పొద్దుందా?"

"అట్లయితే నడుముకు తాడన్నా కట్టుకో."

అందరిలో పెళ్లాం తాడు కడుతుంటే సుంకన్నకు సిగ్గేసింది. "నేనేమన్నా దున్నపోతునా మే, కట్టేసి తోలేకి?" అని నవ్వి, తాడును చేత్తో పట్టుకుని దిగాడు.

పైనుంచి ఉలిగమ్మ పిలిచింది. "మామా!"

"ఆఁ... కాళ్లకు జొన్నలు తగిలినాయి మే."

ఆ మాటకు ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

"మామా!"



తాడు వదులైంది. లాగితే ఉత్త తాడు పైకి వచ్చింది. లోపలినుంచి పులిసిన గింజల వాసన, వెచ్చగా, ఎవరో ముఖంమీద ముఖం పెట్టి శ్వాస విడిచినట్టు పైకి తగిలింది. మద్దిలేటి "అన్నా!" అని అరిచి మూతిలోకి కాలు పెట్టాడు. ఉలిగమ్మ బిడ్డను పక్కదాని ఒడిలో పారేసి, మరిదిని వెనక్కి తోసి, ఆ మూతికి అడ్డంగా పడుకుంది.

"లెయ్ వదినా! మా అన్న లోపలుండాడు!"

"ఆయప్ప నీకు అన్న. నాకేమీ గాదా? నువ్వు దిగితే నిన్ను తీసేకి ఇంగొకడు దిగుతాడు. వాన్ని తీసేకి ఇంగొకడు. ఊరంతా ఈ నోట్లోకి పోతాది. నన్ను సంపి దిగు."

"మొగుడు లోపల పోతాంటే అడ్డం పడుకున్న పెండ్లాన్ని ఈ ఊర్లోనే సూస్తిమి" అని ఒక ముసలామె మొత్తుకుంది. మగవాళ్లు ఉలిగమ్మ జుట్టు పట్టి లాగారు. ఆమె బండ అంచును రెండు చేతులా కరుచుకుని కదలలేదు. కిందున్నది తన మనిషి. తన కడుపు కింద, ఒక నిలువు లోతులో. అయినా లేవలేదు. భక్తులారా, ఆ క్షణంలో ఆ ఇల్లాలి గుండె ఎట్లా కొట్టుకున్నదో రాయడానికి మాటలు చాలవు.

"వేపమండలు తేండి" అని మాత్రం అరుస్తూనే ఉంది.

మొదట కదిలింది ఆడవాళ్లు. పెద్ద పెద్ద మండలు విరిచి, కట్టగట్టి, తాడుకు కట్టి, పాతరలోకి దించుతూ పైకి లాగుతూ వరసగా ఆడించారు. చేతులు బొబ్బలెక్కాయి. ప్రమిద దింపితే ఆరిపోయింది. మళ్లీ మండలు. మళ్లీ ప్రమిద. నాలుగోసారి మంట వణికి, వంగి, లేచి నిలబడింది. అప్పుడు ఉలిగమ్మ పక్కకు జరిగి మద్దిలేటి నడుముకు తన చేతులతో తాడు చుట్టి మూడు ముడులు వేసింది. అతడు దిగి అన్నను భుజాన వేసుకుని ప్రాణాలతో పైకి వచ్చాడు.

సుంకన్న ప్రాణం మాత్రం అప్పటికే పోయింది. అతని గుప్పిట్లో జొన్నలు ఉన్నాయి.

ఉత్తరాన లేచిన దుమ్ము మెల్లగా దిన్నెదాకా వచ్చింది. అందులో గుర్రాలు లేవు. అది ఒక సుడిగాలి. జనం మీదుగా తిరిగి, ఆ వేపాకులను కాసిన్ని ఎగరేసుకుని వెళ్లిపోయింది. తమను తరిమింది దండు కాదని, తమ భయమేనని అప్పుడు తెలిసి ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆ జొన్నలతో నలభై గడపలూ వానలు పడేదాకా బతికాయి. ఉలిగమ్మ తన కలలో కనిపించిన తల్లికి ఊపిరమ్మ అని పేరు పెట్టి, తాను బతికినన్నాళ్లూ ఆ మూతి దగ్గరే కాపు కాసింది. పూజారితనం ఈనాటికీ ఆమె వంశపు ఆడబిడ్డలదే.

ఇప్పటికీ పంట చేతికి వచ్చాక ప్రతి ఇంటివారూ కొన్ని జొన్నలు ఈ పాతరలో పోస్తారు. మూడేళ్లకొకసారి బండ తీస్తారు. ఆ రోజు మండలు ఆడించేది ఆడవాళ్లే. దీపం నిలబడేదాకా మగవాళ్లు గోడ అవతలే ఉండాలి. దిగే మనిషికి ముడి వేసేది అతని భార్య, లేదా తల్లి. ఉలిగమ్మ పిలుపు ఆ చీకట్లోనే కలిసిపోయింది గనుక, పాతరలోకి ఎవరూ ఎవరినీ పిలవరాదు. తీసిన గింజలను పేదలకు పంచుతారు.

అమ్మను కొలిస్తే ఉబ్బసం తగ్గుతుందని, బాలింతలకు పాలు పడతాయని భక్తుల నమ్మకం. ఈ మధ్య మరొక రకం భక్తులు కూడా వస్తున్నారు. బావుల్లో పూడిక తీసేవారి భార్యలు, పట్నాలలో మురుగు గుంతల్లో దిగేవారి భార్యలు. వాళ్లు భర్తలు పనికి వాడే తాడును తెచ్చి బండమీద పెట్టి మొక్కుతారు. పూజారమ్మ ఆ తాడుకు పసుపు పూసి తిరిగి ఇస్తుంది. హారతికి తొందర పడదు. ఎదురుగా కూర్చోబెట్టి, "దిగే ముందర దీపం దింపి సూస్తాడా మీ ఆయన?" అని అడుగుతుంది. లేదని ఆమె చెబితే, పొద్దు గూకినా సరే, ముడి ఎట్లా వేయాలో ఆ ఆడబిడ్డ చేతులకు వచ్చేదాకా ఆమెను అక్కడినుంచి పంపదు.