నీటికో గొయ్యి

పూర్వం ఒక కోటలో, ధాన్యం దాచే నేలమాళిగలో ఎప్పుడూ నీరు ఊరేది. పెళ్లాం పోయిన సూరన్న ఆరేళ్లుగా అక్కడ ఒక్కడే కుండతో నీళ్లు తోడుతున్నాడు. పలకరించే దిక్కు లేదు.

ఒకనాడు దివాను తనిఖీకి దిగాడు.

"మూలన గొయ్యి తవ్వి, పైన గిలక వేయించండి దొరా," అన్నాడు సూరన్న.

"ఊరే నీళ్లు చాలక గొయ్యి కూడానా?" అని దివాను ఎగతాళి చేశాడు.

"ఇప్పుడు నీరు ఈ మాళిగనే గొయ్యి చేసుకుంది దొరా. దానికి వేరే గొయ్యి ఇస్తే, మాళిగ మనకు మిగులుతుంది."

దివాను ఆ మూలన గొయ్యి తవ్వించి, పైన గిలక వేయించాడు. నీరంతా గోతిలోకి చేరింది, నేల ఆరింది.

"ఏం కావాలో అడుగు," అన్నాడు దివాను.

"ఇక తోడడానికి ఒక పూట చాలు. రెండో పూట కోట గుమ్మం దగ్గర కాపలా ఇప్పించండి. వచ్చేపోయేవాళ్లు నాలుగు మాటలు మాట్లాడతారు," అన్నాడు సూరన్న.