కిటికీ కింద నేల

వైజయంతికి ఒకటే ఇబ్బంది. పని పూర్తయింది, గురువు మాత్రం సంతకం పెట్టడం లేదు.

అణు ఇంధనం తయారుచేసిన ఆ కర్మాగారం మూతపడి పన్నెండేళ్ళు. యంత్రాలు తీసేశారు, గోడలు గీకారు, నేల కడిగారు. ఇప్పుడు పెద్ద షెడ్డులోకి బట్టలు కుట్టే కంపెనీ వస్తోంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళ పసిపిల్లల కోసం పక్క హాలు కేటాయించారు. ఆ హాల్లో రేడియేషన్ మిగల్లేదని తేల్చాల్సింది వైజయంతి.

ఆమెకు పని నేర్పింది ఖుద్దూస్ సార్. ముప్పై ఏళ్ళుగా మీటరు పట్టుకుని ఇలాంటి చోట్ల తిరిగిన మనిషి.

"నేలంతా గళ్ళు గీసి కొలిచాను సార్. ఒక్క గడిలోనూ హద్దు దాటలేదు," అంది కాగితాలు ఇస్తూ. "సోమవారం తాళాలు అప్పగించాలి."

ఆయన కాగితాలు చివరిదాకా చదివారు. కలం తీయలేదు. వెళ్ళి కాపలాదారు గదిలోంచి ఒక చాప పట్టుకొచ్చారు.

"పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టచ్చో పరిచి చూపించమ్మా."

ఆమె తలుపు పక్కన పరిచింది.

"ఇక్కడ ఎండ పడుతుంది. ఆ కిటికీ కింద వెయ్యి, గాలి వస్తుంది."

వైజయంతి చాప తీసుకుని నాలుగడుగులు వేసి ఆగింది.

"అక్కడ వద్దు సార్."

"హద్దు లోపలే ఉందన్నావుగా?"

"ఉంది సార్. కానీ కింద కర్మాగారం నాటి పాత డ్రైనేజీ గొట్టం పోతోంది. ఒకసారి పొంగితే పైన సిమెంటు పోసి మూసేశారట, దాని కింద ఏమున్నా మీటరుకు అందదు. ఇక్కడ పనిచేసిన మేస్త్రీ చెప్పాడు. రికార్డుల్లో ఎక్కడా లేదు. నేల పగలగొడితే మూడు నెలలు ఆలస్యం."

ఆయన కాగితాలు ఆమె చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్ళారు.

వైజయంతి కంపెనీ వాళ్ళకు ఫోన్ చేసి సోమవారం కుదరదని చెప్పింది. వాళ్ళు గట్టిగానే మాట్లాడారు. అయినా ఆమె మాట మార్చలేదు.

మరుసటి వారం నేల పగలగొట్టారు. గొట్టం నిలువునా చీలి ఉంది, చుట్టూ నల్లటి మట్టి. మీటరు దగ్గర పెట్టగానే ముల్లు హద్దు దాటిపోయింది. ఆ మట్టంతా తవ్వి, పీపాల్లో బిగించి పంపడానికి మూడు కాదు, అయిదు నెలలు పట్టింది.

మళ్ళీ కొలిచి కాగితాలు తెచ్చిన రోజు ఖుద్దూస్ సార్ సంతకం పెట్టారు.

"కిటికీ కింద ఉందని మీకెలా తెలిసింది సార్?"

"నాకేం తెలుసమ్మా," అన్నారాయన. "నీకు తెలుసు."