ముద్దా, మాటా ఒకే దారిన

ఒకప్పుడు మనిషికి పొలమారేది కాదు.

గబగబా తిన్నా, గడగడా తాగినా, పడుకుని తిన్నా, పరుగెత్తుతూ తిన్నా ఏమీ అయ్యేది కాదు. ఎందుకంటే అప్పట్లో మనిషి గొంతులో రెండు దారులు విడివిడిగా ఉండేవి. గాలి ముక్కులోంచి వచ్చి పైపైనే తన దారిన లోపలికి పోయేది. ముద్ద నోట్లోంచి వచ్చి కిందగా తన దారిన కడుపులోకి పోయేది. ఒకదాని జోలికి ఇంకోటి వచ్చేది కాదు. దుప్పికీ మేకకీ ఎలాగో మనిషికీ అలాగే.

కాకపోతే ఒక్కటే లోటు. మనిషికి మాట లేదు.

గాలి ముక్కులోంచే వచ్చి ముక్కులోంచే పోతుంటే మాటెలా వస్తుంది? ‘ఊఁ’ అంటే అవును, ‘ఊహూఁ’ అంటే కాదు. అంతకుమించి పలకడం ఎవరికీ చేతనయ్యేది కాదు. మిగతాదంతా సైగలే. ఆకలేస్తే పొట్ట తట్టుకునేవారు. వానొస్తుందని చెప్పాలంటే వేళ్ళు ఆడించేవారు. ఆ సైగలతోనే కాపురాలు చేశారు, పిల్లల్ని పెంచారు, పోట్లాడుకున్నారు, మళ్ళీ కలిసిపోయారు.

ఆ రోజుల్లో ఒక కొండవాలున గవిరి అనే అమ్మాయి ఉండేది. మాటే లేనప్పుడు పేరెక్కడిదంటారా? పేరు తర్వాత వచ్చిందిలెండి. కథ చెప్పుకోవాలి కాబట్టి ఇప్పుడే వాడేసుకుందాం. గవిరికి ఉన్నదల్లా తల్లి ఒక్కతే. ఆమె నూకమ్మ.

చోళ్ళు, అదే రాగులు, దంచుతున్నా, దుంపలు తవ్వుతున్నా తల్లీకూతుళ్ళ చేతులు కబుర్లాడుకుంటూనే ఉండేవి. నూకమ్మ రెండు వేళ్ళతో కోతి నడక చేసి చూపించేది. ఎన్నిసార్లు చూసినా గవిరికి నవ్వాగేది కాదు.

నూకమ్మ ముసలిదైంది. మొదట ఆమె కళ్ళకి మంచు పట్టినట్టయింది. తర్వాత చూపు పూర్తిగా పోయింది.

చూపు లేని మనిషికి సైగ ఎలా కనిపిస్తుంది?

తల్లి ఎదుట కూర్చుని గవిరి చేతులు ఆడించేది. నూకమ్మ ఇంకెటో చూస్తుండేది. గవిరి ఆమె అరచేతిలో వేలితో గీసేది. కొన్ని తెలిసేవి, కొన్ని తెలిసేవి కావు. కూతురు పక్కనే ఉందో అడవికి వెళ్ళిందో తెలియక నూకమ్మ చేతులు చాచి తడుముకునేది. ఎవరూ తగలకపోతే ఆ చేతుల్ని మెల్లగా ఒళ్ళో పెట్టేసుకునేది.

ఒకరోజు గవిరి దుంపలు తవ్వుకుని వచ్చేసరికి తల్లి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. గోడకి సైగలు చేస్తోంది. కూతురు ఎదురుగా ఉందనుకుని చేస్తోంది. కోతి నడక చేసి, తనే నవ్వి, అవతల నుంచి నవ్వు వినపడక ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంది.

గవిరి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

చూరు మీదున్న గోరింక తొంగి చూసింది. “ఎందుకమ్మా ఏడుపు? గొంతు కావాలా? నా గొంతు ఎవరిచ్చారనుకున్నావు? గాలితాతే! కొండమీద వెదురు పొదల్లో ఉంటాడు. వెళ్ళి అడుగు” అంది.

గవిరి కొండెక్కింది. పొదల ముందు నిలబడి తన బాధంతా సైగలతో వెళ్ళబోసుకుంది.

“నీ చేతులు కదిలితే కదిలేది నేనే కదా తల్లీ, అంతా తెలిసింది” అన్నాడు గాలితాత. “కానీ మాట ఇవ్వడం తేలిక కాదు. ఈ వెదురు చూడు. తుమ్మెదలు చిల్లులు పెట్టాయి, లోపల చోటుంది. నేను దూరితే పాడుతుంది. మరి నీ గొంతులో నాకు చోటేదీ? పైన ఎక్కడో ఇరుకులో వచ్చిపోతున్నాను. నా గుమ్మం కిందికి దించితే చోటవుతుంది. అప్పుడు నోట్లోంచి బయటికొస్తాను. నాలుక నన్ను అటూ ఇటూ తిప్పుతుంది, పెదాలు ఆపి వదులుతాయి. అదే మాట.”

గవిరి సంతోషంతో చప్పట్లు కొట్టింది.

“తొందరపడకు” అన్నాడు గాలితాత. “గుమ్మం కిందికి దిగితే ముద్ద దారిలోకి వస్తుంది. మేమిద్దరం ఒకేచోట కలిసి విడిపోవాలి. ముందున్న దారి నాది, వెనక దారి ముద్దది. ఎప్పుడైనా ముద్ద పొరబాటున నా గుమ్మంలో పడిందంటే ఊపిరాడదు. ప్రాణం మీదికొస్తుంది. ఆలోచించుకో.”

గవిరి ఆలోచించింది. తర్వాత ఒక్కటే సైగ చేసింది. మా అమ్మ గోడతో మాట్లాడుతోంది.

కొండమీద ఆకు కూడా అల్లాడలేదు.

“సరే. నీ ఒక్కదానికే ఇస్తే ఎవరితో మాట్లాడతావు? మనుషులందరికీ ఇస్తున్నాను, పో” అన్నాడు.

గవిరి కొండ దిగుతుంటే గొంతులో ఏదో కిందికి జారినట్టయింది. గుడిసె కనపడగానే నోరు తెరిచింది. ఏం పలకాలో తెలియదు. పెదాలు వాటంతటవే కలిసి విడిపోయాయి.

“అమ్మా!”

నూకమ్మ ఉలిక్కిపడింది. గోడవైపు నుంచి గిరుక్కున ఇటు తిరిగింది. ఆమె పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. చూపు పోయిన దగ్గర్నుంచి లోపల దాచుకున్న ప్రశ్న మొదట బయటికొచ్చింది.

“చీకటి పడిందా అమ్మీ?”

“లేదమ్మా, ఇంకా బోలెడు ఎండ” అంది గవిరి. అని, తల్లిని కావలించుకుంది.

ఇక ఆ ఇంట్లో మాటలే మాటలు! కుండలో నీళ్ళు మరిగితే గవిరి చెప్పేది, కొండ మీదికి మబ్బొస్తే చెప్పేది. నూకమ్మ వింటూ ఊఁ కొడుతూ, అడిగిందే మళ్ళీ అడుగుతూ ఉండేది. గుడిసెలో ఏ మూల ఉన్నా కూతురెక్కడుందో ఆమెకిప్పుడు తెలుసు.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఉడికించిన దుంపలు తింటున్నారు.

“ఇవాళ ఎలుగుబంటిని చూశానమ్మా” అంది గవిరి. “తేనెపట్టు కోసం చెట్టెక్కింది. ఈగలు ముక్కుమీద కుట్టేసరికి దభీమని కింద పడింది. లేచి, ఎవరైనా చూశారేమోనని అటు చూసింది, ఇటు చూసింది. ఏమీ జరగనట్టు దర్జాగా వెళ్ళిపోయింది!”

నూకమ్మ నోట్లో దుంప ఉంది. ఆ దుంపతోనే పకపకా నవ్వింది.

నవ్వు సగంలో ఆగిపోయింది.

శబ్దం లేదు. నూకమ్మ రెండు చేతులూ గొంతు పట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి, ముఖం కమిలిపోయింది, పెదాలు నల్లబడ్డాయి.

“తాతా! గాలితాతా!” అని కేకేసింది గవిరి.

“వచ్చాను తల్లీ, కానీ లోపలికి పోలేకపోతున్నాను! గుమ్మానికి దుంప అడ్డుపడింది!” అన్నాడు గాలితాత, నూకమ్మ ముఖం చుట్టూ తిరుగుతూ.

గవిరి తల్లిని ముందుకి వంచింది. వీపు మీద, రెండు రెక్కల నడుమ, అరచేత్తో గట్టిగా చరిచింది. మళ్ళీ చరిచింది. అప్పుడు గుర్తొచ్చింది. బయటి గాలి లోపలికి పోలేకపోతే పోనీ, లోపల ఇంకా కాస్త గాలి మిగిలి ఉంటుంది కదా!

“లోపలున్న గాలీ! నువ్వే, నువ్వే! తన్నుకుని బయటికి రా!” అని అరిచింది.

లోపల ఓ మూల ముడుచుకున్న ఆ కాస్త గాలీ బలమంతా కూడదీసుకుని ఒక్క తన్ను తన్నింది. ఖళ్ళుమని శబ్దం వచ్చింది. దుంపముక్క ఎగిరి అవతల పడింది. లోకంలో మొట్టమొదటి దగ్గు అదే.

నూకమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గవిరి లేచింది.

“తాతా, నీ మాట నువ్వే తీసేసుకో! మా అమ్మ ప్రాణం తీసే మాట నాకొద్దు. నీ గుమ్మం మళ్ళీ పైకి ఎత్తేయ్, అందరి…”

ఆ మాట పూర్తి కాకుండానే నూకమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి కూతురి నోరు మూసింది.

“ఊరుకో పిల్లా” అంది బొంగురు గొంతుతో. “ఊపిరాడక గిలగిల్లాడింది కాసేపే. నీ గొంతు వినబడక ముందు నేనెంత కాలం గిలగిల్లాడానో నీకు తెలుసా? నా పక్కన నువ్వున్నావో లేదో కూడా తెలిసేది కాదే. మాట వెనక్కివ్వకు.”

తర్వాత గుడిసె గుమ్మంవైపు తిరిగింది.

“ఏమయ్యా గాలయ్యా! కుక్క దూరకుండా మేం గుడిసెకి తడిక కట్టుకుంటాం. ముద్దలు పోయే దారిలో గుమ్మం పెట్టుకుని నువ్వు తడికైనా కట్టుకోలేదేం?”

గాలితాత సిగ్గుపడ్డాడు. “నాకూ తలుపులకీ ఎప్పుడూ పడదు నూకమ్మా. అందుకే తోచలేదు” అని గొణిగాడు.

అప్పుడు ఆలోచించి, నాలుక మొదట్లో చిన్న ఆకులాంటి మూత కట్టాడు. “ముద్ద వచ్చేటప్పుడు గొంతు పైకి లేస్తుంది, ఈ ఆకు నా గుమ్మం మీద వాలుతుంది. ఆ రెప్పపాటు నేను కదలకుండా నిలబడతాను. ముద్ద వెనకనుంచి దిగిపోగానే ఆకు లేస్తుంది, నేను నడుస్తాను.”

కావాలంటే మీ గొంతు మీద వేలు పెట్టుకుని గుటక వేసి చూడండి. లేస్తోందా? ఆ రెప్పపాటు ఊపిరి ఆగుతోందా? అదీ సంగతి.

నూకమ్మ అంతటితో వదల్లేదు. “మరి నాలా నవ్వుతూ మింగితే?”

“ఆకు తికమకపడుతుంది. మాటకోసం లేవాలా, ముద్దకోసం వాలాలా? అప్పుడు మెతుకో నీటిచుక్కో దూరుతుంది. దూరినప్పుడు తన్ని తరిమేందుకు, ఇందాక మీ అమ్మాయి నేర్పిన దగ్గునే కాపలా పెడతాను.”

“పాలు తాగే పసివాళ్ళకో?”

“వాళ్ళకింకా మాటలెందుకు? వాళ్ళ గుమ్మం పైనే ఉంచుతాను. హాయిగా ఊపిరి తీస్తూనే పాలు తాగుతారు. మాటలు నేర్చే వేళకి నెమ్మదిగా దించుతాను.”

“నాలాంటి ముసలివాళ్ళకో?”



“ముసలితనంలో కాళ్ళు తడబడినట్టే ఆ ఆకూ తడబడుతుంది నూకమ్మా. దానికి నా దగ్గర మందు లేదు. పక్కన మనిషి ఉండాలి.”

“నేనున్నాగా” అంది గవిరి.

ఆ రోజునుంచి గవిరి తల్లికి దుంపలు పెట్టలేదు. నీళ్ళలాంటి గంజి ఆకు వాలేలోపే జారిపోతోందని, చోడిపిండి కాస్త చిక్కగా కాచేది. తల్లిని నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా నోటికందించి, గుటక పడేదాకా ఆగేది. కథ మాత్రం మానలేదు.

“తర్వాతేమైందే?” అనేది నూకమ్మ.

“ముందు మింగు.”

“మింగేశాను.”

“ఏదీ, నోరు తెరువు.”

“అబ్బో, నేను నిన్ను ఇంత ఆరా తీశానా చిన్నప్పుడు?” అని నూకమ్మ విసుక్కుంటూ నోరు తెరిచేది. ఖాళీగా ఉంటేనే కథ ముందుకి నడిచేది.

అంత చేసినా అప్పుడప్పుడూ పొలమారేది. నూకమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగేలా దగ్గొచ్చేది. గవిరి ఎక్కడున్నా, చేతిలో పని అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చి తల్లి నెత్తిమీద చెయ్యేసేది. ఆ పరుగు చప్పుడు నూకమ్మకి వినబడేది. కళ్ళు లేకపోయినా కూతురి భయం కనపడేది. అందుకే దగ్గు ఆగీ ఆగకముందే నవ్వుముఖం పెట్టి ఒక మాట చెప్పేది.

“భయపడకే పిచ్చిదానా. ఏం కాలేదు. ఎక్కడో ఎవరో నన్ను తలుచుకుని ఉంటారు, అంతే.”

అప్పటినుంచే మనిషికి మాటా, ముద్దా ఒకే గొంతులో కలిసి నడుస్తున్నాయి. అప్పటినుంచే మనిషికి పొలమారుతోంది. అప్పటినుంచే, ఎవరికి పొలమారినా పక్కనున్నవాళ్ళు తమ ముద్ద కంచంలో వదిలేసి లేస్తున్నారు. నెత్తిమీద మెల్లగా తడుతూ, “ఎవరో తలుచుకుంటున్నార్లే” అంటున్నారు.