గురువుగారి తుపాకీకి చేసిన పూజ

సుబేదారు పైడయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. విజయనగరం పొలిమేరలో, మూతపడిన గోనెసంచుల మిల్లు షెడ్డులో ఆయన నడిపే తుపాకీ బడిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. గాలి ఎటు వీస్తోందని ఒకసారి ఎవరో అడిగితే చీపురు చేతికిచ్చారు. సాయంత్రానికల్లా దుమ్ము ఎటు పోతోందో అతనికే తెలిసింది. ఆయనకి ఇంకో అలవాటు కూడా ఉంది. తన కుర్చీని ఎప్పుడూ కొట్టేవాళ్ళు నిలబడే గీత పక్కన, గురి అట్టకి వీపు పెట్టి వేసుకుంటారు. గుండు ఎక్కడ తగిలిందో చూడరు, కొట్టేవాళ్ళనే చూస్తారు. కొత్తగా చేరినవాళ్ళు పెద్దాయనకి చూపు మందగించిందనుకుని జాలిపడుతుంటారు.

దసరా వెనకే వచ్చే అమ్మవారి సిరిమాను సంబరం ముగిసిన నాలుగో రోజు పొద్దున్న ఆయన పెద్ద శిష్యుడు గౌరునాయుడు చేతిలో ఒక కాగితం పట్టుకుని ఆ కుర్చీ పక్కన నిలబడ్డాడు. గౌరునాయుడికి నలభై దాటాయి. పన్నెండేళ్ళు ఆయన దగ్గర నేర్చుకుని, ఇప్పుడు బడిలో చేరినవాళ్ళకి తనే నేర్పుతున్నాడు.

"సార్, ఎంత సరిదిద్దినా సరికాని వాళ్ళని ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

ఎవరి గురించో చెప్పనక్కర్లేదు. దమయంతి అతని అక్క కూతురు, ఇరవయ్యేళ్ళ పిల్ల. కిందటేడు ఆ షెడ్డులో ఆమె గురికి తిరుగులేదు. పోటీకి తయారుచెయ్యాలని గౌరునాయుడు ఆమెని ప్రత్యేకంగా చేతిలోకి తీసుకున్న దగ్గర్నుంచి గుండు చెప్పినమాట వినడం మానేసింది. తుపాకీది తప్పేమోనని దాన్ని మరొకరికి ఇచ్చి చూశాడు. వాళ్ళు శుభ్రంగా కొట్టారు. మేనకోడలని ముద్దు చేస్తున్నాడని ఎవరూ వేలెత్తి చూపకూడదు గనక, ఆమెని అందరికంటే ఎక్కువ సరిదిద్దాడు. ఒక్క గుండుని కూడా ఊరికే పోనివ్వలేదు. అయినా ఇదీ వరస. రాష్ట్రం పోటీకి వెళ్ళే నలుగురి పేర్లు ఆ సాయంత్రం అయిదింటిలోగా పంపాలి. కాగితంలో మూడు పేర్లు ఉన్నాయి, నాలుగో వరస ఖాళీగా ఉంది. తన పేరు లేకపోతే తుపాకీ మళ్ళీ ముట్టనని, బట్టల దుకాణంలో చేరిపోతానని ఆ పిల్ల ముందురోజు తల్లితో తెగేసి చెప్పింది. అక్క ఆ మాట చెబుతూ కళ్ళొత్తుకుంది. గౌరునాయుడికి రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

పైడయ్యగారు కాగితం వైపు చూడలేదు.

"అది తరవాత చూద్దాంలే, నాయనా. నా తుపాకీకి గురి నిలవట్లేదు. స్కోపు కాస్త సరిచేసి పెట్టు."

గౌరునాయుడు గోడ మేకుకి వేలాడుతున్న గురువుగారి ఎయిర్ రైఫిల్ దించి కళ్ళకద్దుకున్నాడు. దసరాకి ఆయుధపూజనాడు తను పెట్టిన కుంకుమబొట్టు మడమ దగ్గర ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. పాతకాలపు స్ప్రింగు తుపాకీ అది. గొట్టం వంచి బిగిస్తే, గుండు వదిలినప్పుడు ముందుకీ వెనక్కీ రెండు కుదుపులు కుదుపుతుంది. స్కోపంటే తుపాకీ మీద గురిచూసే దుర్బిణి, దాన్ని సరిచెయ్యడం అతనికి మంచినీళ్ళ ప్రాయం. లోపల కనిపించే అడ్డగీతలు కలిసే చోటే గుండు తగలాలి, అంతే. తగలకపోతే పైన ఒక మర, పక్కన ఒక మర ఉన్నాయి. ఒకటి పైకీ కిందికీ జరుపుతుంది, రెండోది అటూ ఇటూ జరుపుతుంది. పావుగంటలో ముగించి మళ్ళీ తన ప్రశ్నకి రావచ్చనుకున్నాడు.

మొదటి గుండు రెండు వేళ్ళు పైకి పోయింది. పై మర తిప్పాడు. రెండోది ఇంకా పైకి పోయింది. మళ్ళీ తిప్పాడు. మూడోది కిందికి దిగింది గానీ కుడికి జరిగింది. పక్క మర తిప్పాడు. నాలుగోది ఎడమకి పోయి, పనిలోపని మళ్ళీ పైకెక్కింది. గౌరునాయుడు గుండ్ల డబ్బా మార్చాడు, చెంప ఆనించే చోటు మార్చాడు, ఊపిరి బిగపట్టి కొట్టాడు, వదిలి కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే మర మీదికి పోయేది. గంట గడిచేసరికి అట్ట మీద చిల్లులు తట్టు పోసినట్టున్నాయి. ఒక్కటీ నడిమి చుక్క ఛాయలకి పోలేదు. పన్నెండేళ్ళ విద్య గురువుగారి ఎదుటే గంగలో కలుస్తున్నందుకు అతనికి చెవులు వేడెక్కాయి. పైడయ్యగారు మాత్రం అట్టకి వీపు పెట్టి, అతని వైపే చూస్తూ, చల్లారిన టీ తాగుతున్నారు.

పదకొండు దాటాక పై మర ఆగిపోయింది. ఇక తిరగదు, ఆఖరికి వచ్చేసింది.

"ఈ స్కోపు పనికిరాదు సార్. ఎంత తిప్పినా లాభం లేదు. దీన్ని తీసేసి కొత్తది వేసుకోవడమే," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఆ మాట అంటున్నప్పుడు అతనికే తోచింది.

"ఎన్నిమాట్లు తిప్పేవు?"

"లెక్క లేదు సార్."

"ముప్పై ఒకటి. గుండ్లు ముప్పై రెండు," అన్నారు పైడయ్యగారు. "మరలు రెండూ మధ్యకి తెచ్చేసి అయిదు కొట్టు. ఎక్కడ పడితే అక్కడ పడనీ. అయిదూ అయ్యేదాకా మర ముట్టుకోకు."

అయిదు గుండ్లు కొట్టడం పెద్ద పనేమీ కాదు. ముట్టుకోకుండా కొట్టడమే గౌరునాయుడికి గగనమైంది. రెండో గుండు తర్వాత చెయ్యి సగం దాకా లేచింది. దాన్ని వెనక్కి లాక్కుని, కూర్చున్న బల్ల అంచు పట్టుకున్నాడు. అయిదూ కొట్టి అట్ట తెచ్చి చూసుకుంటే, చిల్లులు ఒకదాని మీద ఒకటి, చీమలబారులా పైకి ఎక్కుతున్నాయి. అవి చెదిరిపోయినవి కావు, ఒక దారిన నడిచినవి. కొట్టినప్పుడల్లా ఏదో ఒకటి రవ్వంత జరుగుతోంది. పొద్దుట్నుంచీ మరలు తిప్పుతూనే ఉండడంతో ఆ దారి అతని కంటపడలేదు. అప్పుడు గాని అతను అట్టని వదిలి తుపాకీని చూడలేదు.

స్కోపుని పట్టి ఉంచే ఉంగరాలు రెండూ గోరు వెడల్పు వెనక్కి జారి ఉన్నాయి. వాటి మరమేకులు బిగువుగానే ఉన్నాయి. వాటిని విప్పి స్కోపు ఎత్తాడు. ఉంగరాల కాళ్ళు కరుచుకునే, తుపాకీ వీపు మీది గాడి పొడవునా ఎర్రగా, జిడ్డుగా ముద్దకట్టి ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. నువ్వుల నూనె, కుంకుమ.

ఎవరి పనో అడగాల్సిన అవసరం లేకపోయింది. ఆయుధపూజనాడు మిగతా తుపాకులన్నిటికీ తలా ఒక బొట్టు పెట్టి ఊరుకున్నాడు. ఇది గురువుగారిది. అందుకని స్కోపు ఊడదీసి, అంగుళం వదలకుండా నూనె పట్టించి, పసుపు రాసి, కుంకుమ అద్ది, హారతిచ్చి, స్కోపు మళ్ళీ బిగించాడు. ఆ రోజు మరమేకులు ఎంత గట్టిగా తిప్పాడో కూడా గుర్తుంది. పట్టు ఉండాల్సిన చోటే నూనె పోశాక మరమేకులేం చేస్తాయి? గౌరునాయుడికి సిగ్గుతో తల వాలిపోయింది. తిడితే బాగుండుననిపించింది. పైడయ్యగారు తిట్టలేదు. జేబులోంచి పాత చేతిగుడ్డ తీసి అందించారు.

అతను కిరసనాయిలుతో గాడి అంతా తుడిచాడు. గుడ్డ ఎర్రబారింది. ఆరాక స్కోపు బిగించి, ఈసారి ఎవరూ చెప్పకుండానే అయిదు కొట్టాడు. మర ముట్టుకోలేదు. అయిదు గుండ్లూ చొక్కా గుండీ అంత మేరలో ఒకే చోట పడ్డాయి. నడిమి చుక్కకి బెత్తెడు దూరంలో, ఎడమ పక్కన, కిందుగా పడ్డాయి. చుక్క తప్పినందుకు అతనికి అంత సంతోషం పుట్టడం అదే మొదలు. పై మర ఒకసారి, పక్క మర ఒకసారి తిప్పాడు. ఆ తర్వాతి గుండు చుక్కని ఊడగొట్టింది.

"అయింది సార్," అన్నాడు.

"నీ మేనకోడలు ఎన్నింటికొస్తాది?" అని అడిగారు పైడయ్యగారు.

దమయంతి నాలుగింటికి వచ్చింది. సైకిలు గోడకి ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా, తన తుపాకీ తీసుకుని గీత దగ్గర నిలబడింది. గౌరునాయుడు అలవాటు ప్రకారం ఆమె వెనక్కి వెళ్ళబోతే, పైడయ్యగారు ఇంకో కుర్చీ తన పక్కకి లాగారు. అదీ అట్టకి వీపు పెట్టే. గౌరునాయుడు కూర్చున్నాడు. ఎర్రబారిన గుడ్డ ఇంకా అతని చేతిలోనే ఉంది.

ఆమె మొదటి గుండు కొట్టింది. కొట్టి తుపాకీ దించలేదు. మెడ బిగించి, భుజాలు చెవులదాకా ఎత్తి, దెబ్బ కోసం కాచుకున్న మనిషిలా అలాగే ఉండిపోయింది. ఆమె దేనికోసం ఆగిందో గౌరునాయుడికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తన మాట కోసం. మోచెయ్యి, చెంప, ఊపిరి, మడమ. రోజూ గుండుకీ గుండుకీ మధ్య తను అనే మాటలన్నీ ఇప్పుడూ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. ఇన్నాళ్ళూ వెనకనుంచి అట్ట వైపే చూసేవాడు గనక ఆ భుజాలు ఎప్పుడూ అతని కంటపడలేదు.

"ఏటి మావయ్యా, ఏటీ అనవేటి?" అంది ఆమె చివరికి, తల తిప్పి.

అతను గుడ్డని పిడికిట్లో నలిపాడు. "నువ్వు కొట్టమ్మా," అన్నాడు.

రెండో గుండు తర్వాత కూడా ఆమె ఆగింది. మూడో దానికి కొంచెమే ఆగింది. నాలుగో దానికి భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. అయిదోది ఎప్పుడు కొట్టిందో, ఎప్పుడు తుపాకీ దించిందో తెలియనంత సుళువుగా అయిపోయింది. ఆమె వెళ్ళి అట్ట ఊడదీసుకుని వచ్చి, ఏమంటారోనన్న బెదురుతోనే మేనమామ చేతికిచ్చింది.

చిల్లులు చుక్క మీద లేవు. కుడి పక్కన, రెండు వేళ్ళ దూరంలో ఉన్నాయి. అయిదూ కలిపి చొక్కా గుండీ అంత ఉన్నాయి.

గౌరునాయుడు ఆ అయిదింటినీ ఒక్క బొటనవేలితో కప్పి చూశాడు. తర్వాత కాగితం తీసి, తొడ మీద పెట్టుకుని, నాలుగో వరసలో ఆమె పేరు రాశాడు. ఆమె అది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు ఏమైనా చెప్పొచ్చా సార్?" అని గురువుగారిని అడిగాడు.

పైడయ్యగారు అట్ట వైపు తల తిప్పలేదు. ఆ పిల్ల భుజాలనే చూస్తున్నారు.

"ఇప్పుడు చెప్పు, నాయనా. రెండు తిప్పులు మించకు."